చిల్లులుంటే తేలికైనట్టేనా? వేసవి క్రోషే టాపు వెనక లెక్కలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. తిరుపతిలో అది వెళ్లిందంటే, మళ్లీ వానలు మొదలయ్యేదాకా పలుచని నూలు బట్ట తప్ప మరొకటి ఒంటిమీద నిలవదు. మే నెలలో కత్తిరి ఎండలు వచ్చాక ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ వింతేమీ కాదు. సరిగ్గా ఈ రోజుల్లోనే ఫోన్లలో కొక్కెం సూదితో అల్లే క్రోషే టాపుల వీడియోలు వరుస కడతాయి. వలలాంటి అల్లిక, చేతులు లేని కోత, గాలికి ఊగే అంచు. చూసినవారికి ఇంతకంటే చల్లని బట్ట ఉండదనిపిస్తుంది. తీరా నూలు ఉండలు కొని, వారాలు కూర్చుని అల్లి, వేసుకున్నవారిలో చాలామంది చెప్పేది వేరు: చూడటానికి వల, వేసుకుంటే స్వెట్టరు.

వీడియోలో చూపించేదీ అబద్ధం కాదు, వేసుకున్నవారు చెప్పేదీ అబద్ధం కాదు. వేసవి బట్ట నుంచి మనం మూడు వేర్వేరు గుణాలు కోరుకుంటాం. తూకంలో బరువు తక్కువ ఉండాలి. గాలి ఆడాలి, చెమట ఆరాలి. ఒంటిమీద బిరుసుగా నిలబడకుండా మెత్తగా జారాలి. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే వచ్చేవి కావు. క్రోషేలో రెండోది సులభంగా దొరుకుతుంది, మొదటిది దొరకదు, మూడోది నూలును బట్టి ఉంటుంది.

మగ్గం, బనియన్, క్రోషే: మూడు జాతుల బట్టలు

చీర, చొక్కా గుడ్డ నేసినవి. నిలువునా పడుగు, అడ్డంగా పేక. నగరి, పుత్తూరు మరమగ్గాల మీద వచ్చేదీ, వెంకటగిరి చేనేత చీరా ఈ జాతివే. బనియన్, టీషర్టు నేసినవి కావు, అల్లినవి. ఒకే దారం వంకీలు తిరుగుతూ కింది వరుస వంకీల్లోంచి దూరుతుంది. తిరుప్పూరు యంత్రాల్లో వందల సూదులు ఒక్కొక్కటి ఒక్కో వంకీని పట్టుకుని ఈ పని చేస్తాయి.

క్రోషే మూడో జాతి. కొక్కెం ఉన్న సూది ఒకటే. ఒక కుట్టు పూర్తయ్యేసరికి ఆ సూది మీద మిగిలే ఉచ్చు కూడా ఒకటే. అప్పటివరకు వేసిన కుట్లన్నీ బిగిసి, మూసుకుపోయి ఉంటాయి. ఒక కుట్టును భూతద్దం కింద పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. దారం కింది కుట్టులోకి దిగి, పైకి వచ్చి, తన చుట్టూ తాను చుట్టుకుని, మళ్లీ తనలోంచే దూరి, పక్కకు వాలి మూసుకుంటుంది. బనియన్ గుడ్డలో దారం అలా వంగి ఇలా లేచి పోతుంది. క్రోషేలో ఒకే చోట మూడు నాలుగు పేటలు ఒకదానిమీద ఒకటి పడతాయి. బట్ట మందం కావడానికీ, నూలు ఎక్కువ తినడానికీ ఇదే కారణం. ఎన్ని చిల్లులు పెట్టినా, చిల్లుకూ చిల్లుకూ మధ్య ఉన్న గట్టు మాత్రం లావుగానే ఉంటుంది.

మన రాష్ట్రంలో క్రోషే అనగానే గుర్తొచ్చేది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల చేతుల మీదుగా అక్కడికి చేరిన ఈ పనికి 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. అక్కడి లేసు అంత సొగసుగా, పలుచగా కనిపించడానికి కారణం అందరూ అనుకున్నట్టు డిజైను ఒక్కటే కాదు, దారం సన్నదనం. వీడియోల్లోని టాపులు అల్లే నూలు చాలాసార్లు దానికి ఎన్నో రెట్లు లావు. లావు నూలు పని త్వరగా సాగనిస్తుంది, వీడియో కూడా త్వరగా పూర్తవుతుంది. ఆ తొందర ఖరీదు వేసుకున్నవారి భుజాలు కడతాయి.

బరువును కొలిచే అసలు కొలత

బట్టల వ్యాపారంలో బరువు చెప్పడానికి ఒక కొలత ఉంది: ఒక చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుంది? దీన్నే జీఎస్ఎం అంటారు. పలుచని వాయిల్ గుడ్డ 60 నుంచి 80 దాకా ఉంటుంది. మామూలు నూలు టీషర్టు 150 నుంచి 180. క్రోషే బట్టను కూడా ఇదే త్రాసులో పెట్టవచ్చు, పెట్టాలి కూడా. అల్లేవారిలో చాలామంది పెట్టరు. నూలు ఉండ మీద ఉన్న బొమ్మ చూసో, చేతిలో పట్టుకుంటే ఎంత మెత్తగా ఉందో చూసో నిర్ణయిస్తారు.

పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న నమూనా ముక్క అల్లి, తూచి, వచ్చిన గ్రాములను వందతో గుణిస్తే జీఎస్ఎం వస్తుంది. రెండు గ్రాములంటే 200. వంటింటి త్రాసు గ్రాము కంటే కింద చూపించకపోతే, ఇరవై సెంటీమీటర్ల చదరం అల్లి బరువును నాలుగుతో భాగించినా సరిపోతుంది.

నూలు నంబర్ల చిక్కు

త్రాసు దాకా వెళ్లే ముందు నూలు దగ్గరే ఒక ముడి ఉంది. నూలు దుకాణంలో వినిపించే అంకెలు రెండు ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి.

నేతపనివారు వాడే కౌంటు, అంటే నంబరు, పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తాయో అదే నంబరు. మన లెక్కలోకి మార్చుకుంటే ఒకటో నంబరు నూలు గ్రాముకు దాదాపు 1.7 మీటర్లు వస్తుంది. 20వ నంబరు గ్రాముకు 34 మీటర్లు. వెంకటగిరి చీరల్లో పేరున్న 100వ నంబరు గ్రాముకు 169 మీటర్లు. క్రోషే దారపు ఉండల మీద కనిపించే 10, 20, 40 అనే సైజులు కూడా ఇదే దిక్కు: అంకె పెద్దదైతే దారం సన్నం.

రెండోది ప్లై, అంటే ఎన్ని పోగులు కలిపి పురి వేశారన్న లెక్క. ఇక్కడ అంకె పెరిగితే నూలు లావవుతుందని అందరూ నమ్ముతారు. సగమే నిజం. 20వ నంబరు నూలు రెండు పోగులు పేనితే వచ్చే లావు పదో నంబరుకు సమానం. 40వ నంబరు నూలు నాలుగు పోగులు పేనినా వచ్చేది అదే లావు. ఒకటి రెండు ప్లై, మరొకటి నాలుగు ప్లై, లావు మాత్రం ఒకటే. విడి పోగు ఎంత సన్నదో తెలియకుండా ప్లై ఒక్కటే చూసి కొంటే ఏదీ తేలదు.

ఈ గొడవంతా తప్పించే మాట ఒకటుంది: వంద గ్రాములకు ఎన్ని మీటర్లు? చాలా కంపెనీలు ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద బరువు, పొడవు రెండూ వేస్తాయి. వంద గ్రాములకు 400 మీటర్ల దాపున ఉంటే వేసవి టాపుకు సరిపోయే నూలు. 20వ నంబరు నూలు ఎనిమిది పోగులు పేనినది లెక్క ప్రకారం 420 మీటర్ల దాకా వస్తుంది. 200, 250 మీటర్ల నూలు చలికాలపు వస్తువులకు నయం. 800 దాటితే బట్ట అద్భుతంగా ఉంటుంది, కానీ ఒక వేసవిలో మొదలుపెట్టిన టాపు మరో వేసవికి చేతికి వస్తుంది.

ఒకే నూలు, మూడు టాపులు

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. వంద గ్రాములకు 400 మీటర్లు వచ్చే నూలు, మూడున్నర మిల్లీమీటర్ల సూది. ఛాతీ చుట్టుకొలత 92 సెంటీమీటర్లు ఉన్న మనిషికి ఎనిమిది సెంటీమీటర్ల వదులు కలిపి, మొత్తం 100 సెంటీమీటర్ల టాపు. ముందు పలక, వెనక పలక, ఒక్కోటి 50 సెంటీమీటర్ల వెడల్పు, 54 పొడవు. మెడ, చంకల కోతలు లెక్క సులువు కోసం వదిలేద్దాం. మొత్తం విస్తీర్ణం 5,400 చదరపు సెంటీమీటర్లు, అంటే నమూనా ముక్కలు 54.

ఇదే నూలుతో, ఇదే సూదితో మూడు రకాల ముక్కలు అల్లామనుకుందాం. చేతిని బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ, వాటి మధ్య తేడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఒక డబుల్ కుట్టు (పొడవాటి కుట్టు), ఒక గొలుసు కుట్టు (ఒట్టి ఉచ్చు) చొప్పున వేసిన వల అల్లిక ముక్క రెండు గ్రాములు తూగుతుంది. చిల్లు లేకుండా డబుల్ కుట్టు పక్కపక్కనే వేస్తే 3.2 గ్రాములు. దగ్గర దగ్గరగా సింగిల్ కుట్టు (పొట్టి కుట్టు) వేస్తే 4.4 గ్రాములు.

యాభై నాలుగుతో గుణించండి. వల టాపు 108 గ్రాములు, డబుల్ టాపు 173 గ్రాములు, సింగిల్ టాపు 238 గ్రాములు. నూలు పొడవు చూస్తే మొదటిదానికి 432 మీటర్లు, చివరిదానికి 950. నూలు మార్చలేదు, సూది మార్చలేదు, కొలత మార్చలేదు. కుట్టు ఎంపిక ఒక్కటే బరువును రెట్టింపుకు పైగా చేసింది.

ఇంకా కొంచెం ఆగి చూడాల్సిన సంగతి ఇక్కడే ఉంది. మూడింటిలోకీ తేలికైన వల టాపు కూడా 200 జీఎస్ఎం. మామూలు టీషర్టు 180 దాటదు. అంటే సగం చిల్లులే ఉన్న క్రోషే బట్ట, చిల్లే లేని బనియన్ గుడ్డ కంటే బరువు! చల్లగా ఉండటం మాట వేరు. అది గాలి పని, బరువు పని కాదు.

సూది సైజు పెంచితే బరువు తగ్గుతుందని ఒక సలహా తిరుగుతూ ఉంటుంది. కొంతవరకు నిజమే. అదే నూలుకు నాలుగు మిల్లీమీటర్ల సూది వాడితే కుట్లు విచ్చుకుని, అంతే వైశాల్యానికి తక్కువ నూలు పడుతుంది. కానీ కుట్టులో పట్టు కూడా సడలుతుంది. వదులుగా అల్లిన నూలు బట్ట నాలుగు ఉతుకులకు ఆకారం మరిచిపోతుంది. బరువు తగ్గించాలంటే ముందు నూలు సన్నం చేయడం, తర్వాత కుట్టు మార్చడం, ఆ తర్వాతే సూది. ఈ వరుస నాకు సబబుగా తోస్తుంది.

లోపలి బట్ట వేస్తే ఏమవుతుంది?

రోజూ వేసుకునే టాపు అన్నాక, మన ఊళ్లలో వల అల్లిక ఒక్కటే వేసుకుని బయటికి వెళ్లేవారు తక్కువ. లోపల ఒక స్లిప్పు వేసుకోవాలి, లేదా లైనింగు కుట్టించుకోవాలి. అలాంటప్పుడు చిల్లులెందుకు, ముందే దట్టంగా అల్లితే పోదా అన్నది ఒక వాదన. చిల్లుల అందమే అసలు సంగతి, లోపల ఏదైనా వేసుకోవచ్చు అన్నది మరొకటి.

త్రాసు రెండు పక్షాలకూ చెరిసగం మార్కులిస్తుంది. 70 జీఎస్ఎం వాయిల్ గుడ్డతో అదే కొలతకు లైనింగు వేస్తే 38 గ్రాములు. వల టాపుతో కలిపి 146 గ్రాములు. దట్టమైన డబుల్ టాపు 173 కదా, లైనింగుతో సహా వల టాపే తేలిక. అదే లైనింగుకు 160 జీఎస్ఎం బనియన్ గుడ్డ వాడితే 86 గ్రాములు కలిసి మొత్తం 194కు చేరుతుంది. అప్పుడు దట్టమైన టాపు గెలుస్తుంది. తిలక్ రోడ్డులోనో, గాంధీ రోడ్డులోనో లైనింగు గుడ్డ అడిగేటప్పుడు రంగు కలిసిందా అని చూసినంత శ్రద్ధగా గుడ్డ పలుచదనం కూడా చూడాలన్నమాట. ఇంకో మెలిక: వాయిల్ సాగదు, క్రోషే సాగుతుంది. రెంటినీ చుట్టూ కలిపి కుట్టేస్తే కొద్ది రోజులకే పైబట్ట బుడగలు కడుతుంది. భుజాల దగ్గర మాత్రమే కలిపి, కింద విడిగా వదిలేస్తే ఆ బాధ ఉండదు.

నూలా? ఆక్రిలికా?

మన దుకాణాల్లో ఊలు అనే పేరుతో అమ్మే ఉండల్లో చాలావాటిలో గొర్రె వెంట్రుక ఒక్కటీ ఉండదు, అది ఆక్రిలిక్. అనుమానం వస్తే చిన్న పోగు తుంచి, పట్టుకారుతో పట్టుకుని, నీళ్ల పళ్లెం మీద నిప్పు అంటించి చూస్తారు. నూలు కాగితంలా మండి, కాలిన కాగితం వాసన వేసి, బూడిద రాలుస్తుంది. ఆక్రిలిక్ కరిగి ముడుచుకుని, ఆరాక గట్టి నల్లని గుండు మిగులుస్తుంది. అసలు ఊలైతే వెంట్రుక కాలిన కంపు.

వేసవి టాపుకు నూలే అని కళ్లు మూసుకుని చెప్పేవారు ఎక్కువ. ఆక్రిలిక్ పక్షానికీ ఒక న్యాయం ఉంది. అదే లావు ఉన్న పోగు తీసుకుంటే ఆక్రిలిక్ బరువు నూలులో నాలుగింట మూడు వంతులే. ఘన సెంటీమీటరుకు పత్తి పీచు 1.54 గ్రాములు, ఆక్రిలిక్ 1.17 గ్రాముల దాపున తూగుతాయి. ధర తక్కువ, రంగులు ఎక్కువ, ఉతికితే త్వరగా ఆరుతుంది. ఒట్టి తేలికే కావాలంటే ఆక్రిలికే గెలవాలి.

కానీ చెమట లెక్క వేరు. 65 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచితే 100 గ్రాముల ఎండు నూలు ఎనిమిది గ్రాముల దాకా ఆవిరిని తనలోకి పీల్చుకుంటుంది. ఆక్రిలిక్ రెండు గ్రాములు కూడా పీల్చదు, పాలిస్టర్ అర గ్రాము. పీల్చని బట్ట చెమటను చర్మం మీదే వదిలేస్తుంది, జిడ్డుగా అంటుకుంటుంది. వల అల్లికలో గాలి నేరుగా తగులుతుంది కాబట్టి ఈ తేడా కొంత తగ్గుతుంది. దట్టమైన అల్లికలో మాత్రం భరించడం కష్టం. సగం నూలు, సగం ఆక్రిలిక్ కలిసిన ఉండలు ఈ ఇద్దరి మధ్య సంధి. వాటిని తీసిపారేయనక్కర లేదు.

వెదురు నూలు పేరుతో వచ్చేది మరో కథ. అది వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి మళ్లీ పోగు తీసిన విస్కోస్. మెత్తన, జారుడు, చెమట పీల్చడంలో పత్తిని మించుతుంది. తడిస్తే మాత్రం బలం తగ్గుతుంది, సాగుతుంది. మెర్సిరైజ్ చేసిన నూలంటే కాస్టిక్ సోడాలో ముంచి, బిగువుగా పట్టి ఉంచిన పత్తి నూలు. జాన్ మెర్సర్ అనే ఆంగ్లేయుడు 1850లో పేటెంటు తీసుకున్న పద్ధతికి తర్వాతివారు బిగువు కలిపారు. మెరుపు, బలం, రంగు పట్టే గుణం పెరుగుతాయి, నూగు తగ్గుతుంది. కుట్లు విడివిడిగా కనిపించాలంటే ఇదే మేలు. మెత్తగా జారాలంటే మెర్సిరైజ్ చేయని నూలు.

ఎండలోకి వెళ్తే చిల్లులు మేలా, చేటా?

మేలనేవారి మాటా, చేటనేవారి మాటా నిజమే, చోటే వేరు. ఫ్యాను కింద కూర్చున్నప్పుడు, సాయంత్రం కపిలతీర్థం వైపు నడిచేటప్పుడు వల టాపు హాయి. కదిలే గాలి చర్మానికి తగిలి చెమటను ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరే వేడిని పట్టుకుపోతుంది.

మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద సంగతి తిరగబడుతుంది. చర్మం ఉష్ణోగ్రత 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. బయటి గాలి 41 ఉందంటే, తగిలిన గాలి వేడి తీసుకుపోవడానికి బదులు వేడి తెచ్చి పెడుతుంది. చెమట ఆరడం వల్ల వచ్చే చల్లదనం ఒక్కటే మిగులుతుంది. పైగా చిల్లుల్లోంచి ఎండ నేరుగా చర్మం మీద పడుతుంది. అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడటంలో దట్టమైన, వదులైన నేత బట్ట ముందు వల అల్లిక నిలబడలేదు. ఎండన పడి తిరిగేవారు తల మీదుగా కొంగో తువ్వాలో కప్పుకుంటారు తప్ప విప్పుకోరు. చిత్తూరు తిరుపతి కంటే కొంచెం ఎత్తున ఉంది, రాత్రిళ్లు కొంత చల్లబడుతుంది. అక్కడ వల టాపుకు పనికొచ్చే గంటలు ఎక్కువే దొరకవచ్చు.

అమెరికా డబుల్, బ్రిటన్ డబుల్

పైన డబుల్, సింగిల్ అని రాసినవన్నీ అమెరికా పద్ధతి పేర్లు. బ్రిటన్ పద్ధతిలో అదే సింగిల్ కుట్టును డబుల్ అంటారు, అదే డబుల్‌ను ట్రెబుల్ అంటారు. కుట్లు అవే, పేర్లు ఒక మెట్టు జరిగాయి. నష్టం ఎంతో చూడండి. మన వల టాపులో పది సెంటీమీటర్లకు 11 వరుసలు. 54 సెంటీమీటర్ల పొడవుకు 60 వరుసలని నమూనా కాగితం (ఎలా అల్లాలో చెప్పే కాగితం) చెబుతుంది. డబుల్ అన్న మాటను బ్రిటన్ పద్ధతిలో చదివితే పది సెంటీమీటర్లకు 28 వరుసలు పడతాయి. అరవై వరుసలు అల్లేసరికి వచ్చేది 21 సెంటీమీటర్లు. నడుము దిగాల్సిన టాపు ఛాతీ దగ్గరే ఆగుతుంది. కాగితంలో ఎక్కడైనా సింగిల్ క్రోషే అన్న మాట కనబడితే అది అమెరికా నమూనా. బ్రిటన్ లెక్కలో ఆ పేరు గల కుట్టే లేదు.

కుట్ల సంఖ్య విషయంలోనూ ఇంతే జాగ్రత్త. పది సెంటీమీటర్లకు 24 కుట్లని నమూనా చెబితే, వంద సెంటీమీటర్ల చుట్టుకు 240. మీ చేతి అల్లిక వదులై 22 కుట్లే పడుతున్నాయనుకోండి, అదే 240 కుట్లు 109 సెంటీమీటర్లు అవుతాయి. బిగువై 26 పడితే 92, అంటే వదులు ఏమీ మిగలదు. రెండు కుట్ల తేడా కంటికి ఆనదు, ఒంటికి ఆనుతుంది.

నూలు సాగుతుంది, తిరిగి రాదు

ఊలుకు స్ప్రింగులాంటి గుణం ఉంది, లాగి వదిలితే వెనక్కి వస్తుంది. పత్తికి అది లేదు. క్రోషే టాపు బరువంతా భుజాల మీద వేలాడుతుంది. రోజంతా వేసుకునేసరికి నిలువునా సాగి, అడ్డంగా ఇరుకవుతుంది. తడిస్తే ఇంకా ఘోరం. పిండిన నూలు బట్టలో కూడా దాదాపు దాని బరువంత నీరు మిగిలిపోతుంది. 108 గ్రాముల టాపు ఉతికి దండెం మీద వేస్తే రెండు వందల గ్రాములకు పైగా కిందికి లాగుతూ ఉంటుంది.

అందుకే అనుభవమున్నవారు నమూనా ముక్కను ఉతుకుతారు, పరిచి ఆరబెడతారు, ఆ తర్వాత పైఅంచు పట్టి రెండు క్లిప్పులతో వేలాడదీసి, కింద ఇంకో రెండు క్లిప్పులు తగిలించి ఒక రాత్రి వదిలేస్తారు. పది సెంటీమీటర్ల ముక్క తెల్లారేసరికి పదిన్నర దాటి, ఉదాహరణకు 10.6 అయిందంటే ఆరు శాతం. 54 సెంటీమీటర్ల టాపు 57 దాటుతుంది. ముందే తెలిస్తే 51 దగ్గర ఆపేయవచ్చు. భుజాల మీద సాగని పట్టీ ఒకటి లోపల కుట్టిస్తే లాగుడు చాలావరకు తగ్గుతుంది. మన టైలర్లకు ఆ పని కొత్త కాదు, జాకెట్టు మెడకు వేసేదే. ఇక దండెం మీద కాకుండా నవారు మంచం మీద తువ్వాలు పరిచి, నీడన ఆరబెడితే ఆకారం నిలుస్తుంది.

రోజువారీ వాడకం, ధర

వల ఎంత పెద్దదైతే అంతగా దేనికో ఒకదానికి తగులుకుంటుంది. గాజు అంచు, గొలుసు కొక్కెం, బ్యాగు జిప్పు, బస్సు సీటు మూల, ఏదైనా చాలు. చిటికెన వేలు దూరనంత చిల్లు రోజూ వాడకానికి హద్దు అని నా అభిప్రాయం. అంతకంటే పెద్దవి ఫొటోలకు బాగుంటాయి. కొండకు వెళ్లేవారు గుర్తుంచుకోవాల్సింది మరొకటి: ప్రత్యేక ప్రవేశ దర్శనానికీ, ఆర్జిత సేవలకూ మహిళలు చీరలోనో, లంగా ఓణీలోనో, ఓణీతో కూడిన చుడీదార్‌లోనో రావాలన్నది తిరుమల తిరుపతి దేవస్థానాల నియమం. లైనింగు ఎంత ముచ్చటగా ఉన్నా క్రోషే టాపు ఆ లెక్కలోకి రాదు.

ధర మాట తీస్తే గొడవే. చేతితో అల్లిన టాపుకు రెండు వేలు చెబితే కొనేవారు దోపిడీ అంటారు, ఇంటర్నెట్‌లో నాలుగైదు వందలకే దొరుకుతుందని చూపిస్తారు. అల్లేవారి పక్షాన ఉన్నవి కుట్లు. మన వల టాపు నమూనా ముక్కలో వరుసకు 24 కుట్లు, 11 వరుసలు, మొత్తం 264. యాభై నాలుగు ముక్కలకు 14,256 కుట్లు. నిమిషానికి ఇరవై కుట్ల చొప్పున ఆగకుండా వేసినా దాదాపు పన్నెండు గంటలు. సింగిల్ కుట్టు టాపైతే 36,288 కుట్లు, ముప్పై గంటలు. ఇందులో విప్పి మళ్లీ వేసినవి, పలకలు కలిపినవి, దారపు కొసలు దాచినవి లేవు. గంటకు అరవై రూపాయలే కూలి వేసుకున్నా వల టాపుకు 720, సింగిల్ టాపుకు 1,800, నూలు ఖర్చు కాక.

మరి నాలుగైదు వందలకు ఎలా వస్తుంది? రెండే దారులు. ఎవరో ఒకరికి గంటకు చిల్లర పైసలు ముట్టి ఉండాలి, లేదా అది క్రోషే అయి ఉండకూడదు. ఉచ్చులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుంటూ, మలుపు తిరుగుతూ సాగే ఈ అల్లికను పూర్తిగా అనుకరించే యంత్రం పరిశ్రమలో లేదు. క్రోషే యంత్రం అని పేరున్నవి నిజానికి పడుగు అల్లిక (నిలువు దారాలను పక్కదానితో వంకీలు వేసి కలిపేది) చేస్తాయి, చూపుకు దగ్గరగా ఉండే వల గుడ్డ గజాల కొద్దీ ఇస్తాయి. తేడా తెలుసుకోవాలంటే టాపును లోపలివైపు తిప్పి, పక్క కుట్లు చూడాలి. గుడ్డను కత్తిరించి, అంచుకు ఓవర్‌లాక్ వేసి ఉంటే అది థాను నుంచి వచ్చిన యంత్రపు గుడ్డ. చేతి క్రోషే పలకలను కొలతకే అల్లుతారు కాబట్టి కత్తెర పడదు, రెండు అంచులూ సూదితోనో కొక్కెంతోనో కుట్టుకు కుట్టు కలిసి ఉంటాయి.